లోగుట్టు తెలిపిన కిరణం

పైకి నిగనిగలాడే వస్తువులన్నీ లోపల కూడా దృఢంగా ఉంటాయని నమ్మలేము. పైన పటారం, లోన లొటారం అనే మన సామెత మనుషులకే కాదు, లోహాలకూ వర్తిస్తుంది. రెండు ఉక్కు పలకలను వెల్డింగ్ చేసి కలిపినప్పుడు ఆ అతుకు చూడటానికి నున్నగా, నిండుగా ఉండవచ్చు. కాని దాని గర్భంలో గాలి బుడగలు, చిట్టెం తునకలు, సన్నని పగుళ్లు దాగి ఉండవచ్చు. అధిక పీడనంతో పనిచేసే బాయిలరులో అటువంటి అతుకు ఒక్కటి విచ్చుకున్నా ఘోరప్రమాదం సంభవించవచ్చు. అతుకును కోసి చూస్తే లోపం తెలుస్తుంది. కాని కోసిన అతుకు ఇక పనికిరాదు. వస్తువును పగలగొట్టకుండానే దాని లోపలికి చూపు సారించే మార్గాన్ని మానవజాతికి అందించిన మహనీయుడు విల్‌హెల్మ్ కోన్రాడ్ రాంట్‌జెన్.

రాంట్‌జెన్ 1845 మార్చి 27న జర్మనీలోని లెన్నెప్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి వస్త్రవ్యాపారి. రాంట్‌జెన్‌కు మూడేళ్ల వయస్సులో ఆ కుటుంబం నెదర్లాండ్స్‌లోని అపెల్‌డోర్న్‌కు తరలి వెళ్లింది. యూట్రెక్ట్ నగరంలోని సాంకేతిక పాఠశాలలో చదువుతున్న రోజుల్లో ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన సంఘటన ఒకటి జరిగింది. ఒక విద్యార్థి ఉపాధ్యాయుని వ్యంగ్యచిత్రాన్ని గీశాడు. ఆ చిత్రకారుడెవరో చెప్పమని పెద్దలు నిలదీసినా రాంట్‌జెన్ మిత్రుని పేరు బయటపెట్టలేదనీ, అందుకే ఆయనను పాఠశాలనుండి బహిష్కరించారనీ జీవితచరిత్రకారులు చెబుతారు. పర్యవసానంగా విశ్వవిద్యాలయ ప్రవేశానికి అవసరమైన యోగ్యతాపత్రం ఆయనకు దక్కలేదు.

అయినా ఆయన నిరాశ చెందలేదు. ఆ పత్రం లేనివారికి కూడా అవకాశమిచ్చే స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ పాలిటెక్నిక్‌లో 1865లో చేరాడు. అక్కడ యంత్రనిర్మాణశాస్త్రం అభ్యసించి 1868లో ఇంజనీరు పట్టా పొందాడు. మరుసటి సంవత్సరమే జ్యూరిక్ విశ్వవిద్యాలయంనుండి డాక్టరేటు అందుకున్నాడు. ఆచార్య ఆగస్ట్ కుంట్ ఆయనలోని ప్రయోగకుశలతను గుర్తించి సహాయకునిగా నియమించుకొని, తనతోపాటు జర్మనీలోని వుర్ట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి తీసుకొనివెళ్లాడు. పాఠశాల పత్రం లేదన్న కారణంతో అక్కడివారు రాంట్‌జెన్‌కు బోధనార్హత నిరాకరించారు. కాలం గడిచింది. 1888లో అదే విశ్వవిద్యాలయం ఆయనను భౌతికశాస్త్ర ఆచార్యునిగా సగౌరవంగా ఆహ్వానించింది. 1894లో ఆయన ఆ సంస్థకే అధ్యక్షుడయ్యాడు. పత్రం చూపని ప్రతిభను పరిశ్రమ చూపింది.

1895 నవంబరు 8వ తేదీ సాయంకాలం. రాంట్‌జెన్ తన ప్రయోగశాలలో, గాలిని దాదాపు పూర్తిగా తొలగించిన గాజుగొట్టంలోకి విద్యుత్తును పంపుతున్నాడు. గొట్టంనుండి వెలుతురు బయటకు రాకుండా దానిని నల్లని అట్టతో కప్పాడు. గది అంతా చీకటి. ఆశ్చర్యంగా, కొంత దూరంలో బేరియం ప్లాటినోసైనైడ్ పూసిన తెర ఒకటి మెరవసాగింది. విద్యుత్తు ఆపితే మెరుపు ఆగింది. పంపితే మళ్లీ వచ్చింది. కంటికి కనిపించని ఏవో కిరణాలు అట్టను దాటి వెళ్లి తెరను తాకుతున్నాయని ఆయన గ్రహించాడు. వాటి స్వభావం తెలియదు కనుక ఎక్స్-కిరణాలు అని పేరు పెట్టాడు.

ఆ తరువాత కొన్ని వారాలపాటు ఆయనకు ప్రయోగశాలే ఇల్లయింది. భోజనమూ నిద్రా అక్కడే. కాగితం, చెక్క, మాంసం ఆ కిరణాలను సులభంగా పోనిస్తున్నాయి. సీసం వంటి బరువైన లోహాలు ఆపివేస్తున్నాయి. పదార్థం మందం పెరిగినకొద్దీ దానిని దాటివచ్చే కిరణాలు తగ్గుతున్నాయి. డిసెంబరు 22న భార్య ఆనా బెర్తా చేతిని ఫొటోగ్రాఫిక్ పలకపై ఉంచి కిరణాలు ప్రసరింపజేశాడు. ఎముకలూ, వేలి ఉంగరమూ స్పష్టంగా నమోదయ్యాయి. 28న తన పరిశోధనపత్రాన్ని వుర్ట్స్‌బర్గ్‌లోని శాస్త్రసంఘానికి సమర్పించాడు.

ఆ చేతి చిత్రం ప్రపంచమంతటా ప్రసిద్ధి పొందింది. వైద్యులు దానిని వరంగా భావించారు. అయితే అదే పరిశోధనపత్రంలో మరికొన్ని చిత్రాల ప్రస్తావన కూడా ఉంది. మూసిన పెట్టెలోని తూకపురాళ్ల నీడను ఆయన చిత్రించాడు. ఒక లోహపుముక్క లోపల అంతటా ఒకే తీరుగా లేదన్న సంగతిని కూడా కిరణాల సహాయంతో కనుగొన్నాడు. 1896లో తన వేట తుపాకీని చిత్రించగా, గొట్టపు లోహంలోని లోపాలు బయటపడ్డాయి. ఇంజనీరు పట్టా పొందిన ఆ చేతులే పారిశ్రామిక రేడియోగ్రఫీకి తొలి విత్తనం నాటాయి.

ఆ విత్తనం మొలకెత్తడానికి కొంతకాలం పట్టింది. మందపాటి ఉక్కును దాటాలంటే శక్తిమంతమైన కిరణాలు కావాలి. 1913లో అమెరికా శాస్త్రవేత్త విలియం కూలిడ్జ్ మేలైన ఎక్స్-కిరణ గొట్టాన్ని రూపొందించడంతో ఆ అవరోధం తొలగసాగింది. 1930 దశకంనాటికి వెల్డింగ్ చేసిన బాయిలరు అతుకులను ఎక్స్-కిరణాలతో పరీక్షించే పద్ధతి అమెరికాలో ఆమోదం పొందింది. సూత్రం మాత్రం రాంట్‌జెన్ చెప్పినదే. అతుకులో బుడగ ఉన్నచోట లోహం తక్కువ. కనుక ఎక్కువ కిరణాలు దాటివచ్చి, ఫిల్ముపై నల్లని మచ్చ ఏర్పడుతుంది.

ఫిల్ము పద్ధతిలో శ్రమ అధికం. చిత్రం తీసిన తరువాత చీకటిగదిలో రసాయనాలతో కడగాలి, ఆరబెట్టాలి. చిత్రం సరిగా రాకపోతే పని మళ్లీ మొదటికి వస్తుంది. 1980 దశకంలో ఫిల్ముకు బదులుగా, మళ్లీ మళ్లీ వాడదగిన ప్రత్యేక పలకలు వచ్చాయి. ఆ పిమ్మట కిరణాలను గ్రహించి నేరుగా కంప్యూటరుకు చిత్రాన్ని పంపే డిజిటల్ గ్రాహకాలు వెలువడ్డాయి. ఈ గ్రాహకాలతో చీకటిగది, రసాయనాలు అవసరం లేకుండా పోయాయి. చిత్రం కొద్ది క్షణాల్లోనే కళ్లముందు నిలుస్తుంది. చాలా సందర్భాల్లో కిరణాల మోతాదు కూడా తక్కువ సరిపోతుంది. వెలుగునీడలను సవరించి, పెద్దదిగా చేసి, అనుమానం కలిగిన చోటును నిశితంగా పరిశీలించవచ్చు. సుదూరంలోని నిపుణునికి పంపి అభిప్రాయం కోరవచ్చు. ఏళ్ల తరబడి భద్రపరచి, పాత చిత్రంతో కొత్తదానిని పోల్చవచ్చు. లోపం వెంటనే తెలియడంవల్ల వెల్డరు అప్పటికప్పుడే దిద్దుకోగలుగుతాడు.

అయితే యంత్రం ఎంత గొప్పదైనా చూసే కన్ను, నిర్ణయించే మనస్సు మనిషివే. కిరణాల దిశకు అడ్డంగా ఉన్న సన్నని పగులు చిత్రంలో కనిపించకపోవచ్చు. కిరణాలు ఒంటికి హాని చేస్తాయి కనుక రక్షణనియమాలు పాటించక తప్పదు. అన్నింటికంటే మించి, చిత్రంలో లోపం కనిపించినప్పుడు ఉందని నిర్భయంగా చెప్పే నిజాయితీ కావాలి. బాగుందని సంతకం చేసిన కలం వెనుక ఎందరో కార్మికుల ప్రాణాలు ఉంటాయి.

అటువంటి నిజాయితీకి రాంట్‌జెన్ జీవితమే నిదర్శనం. భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి 1901లో ఆయననే వరించింది. ఆ ధనాన్ని ఆయన వుర్ట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి ఇచ్చివేశాడు. తన ఆవిష్కరణ మానవులందరికీ చెందాలని భావించి పేటెంటు తీసుకోలేదు. ప్రభువంశీయులకు తగిన బిరుదు లభిస్తున్నా నిరాకరించాడు. మొదటి ప్రపంచ యుద్ధానంతరం జర్మనీలో ధరలు విపరీతంగా పెరిగి, ఆయన కూడబెట్టిన సొమ్ము విలువ కోల్పోయింది. 1923 ఫిబ్రవరి 10న మ్యూనిక్ నగరంలో ఆయన కన్నుమూశాడు. 2004లో 111వ మూలకానికి ఆయన పేరిట రాంట్‌జీనియం అని నామకరణం చేశారు.

ఆసుపత్రిలో విరిగిన ఎముకను చూపే కిరణమే కర్మాగారంలో బలహీనమైన అతుకునూ చూపుతుంది. లోపాన్ని దాచడంలో కాక, దానిని కనుగొని సరిదిద్దడంలోనే బలముందని ఆ కిరణం మనకు బోధిస్తుంది. ఆ బోధ లోహానికే కాదు, వ్యక్తిత్వానికీ వర్తిస్తుంది.