ఓర్పుతో గీసిన పటం – విలియం లాంబ్టన్ జీవితం

సాంఘిక శాస్త్రం పరీక్షలో మనల్ని ఎక్కువగా భయపెట్టేది మ్యాపు ప్రశ్న. భారతదేశం అవుట్‌లైన్ గీయమంటే గుజరాత్ దగ్గర పెన్సిల్ ఆగిపోతుంది. రెండుసార్లు చెరిపేసరికి కాగితం చిరుగుతుంది. నాకు డ్రాయింగ్ రాదు అనుకుని చాలామంది అక్కడే వదిలేస్తారు. ఆ రూపాన్ని నేల మీద కొలిచి రాబట్టడానికి ఒక మనిషి తన చివరి ఇరవై ఏళ్ళను ధారపోశాడని తెలిస్తే మన అభిప్రాయం మారుతుంది. ఆయనే విలియం లాంబ్టన్.

ఎవరెస్ట్ శిఖరం పేరు తెలియనివారు మనలో ఉండరు. ఆ పేరు జార్జ్ ఎవరెస్ట్ అనే సర్వే అధికారిది. ఆ ఎవరెస్ట్‌కు పై అధికారి, సర్వే పనిలో గురువు లాంబ్టన్.

లాంబ్టన్ 1750లలో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ ప్రాంతంలో ఒక సామాన్య వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. కలిగిన ఇంటి బిడ్డ కాదు. చదువులో చురుకు కావడం వల్ల దగ్గరి పట్టణంలోని పాఠశాలలో చేరే అవకాశం దొరికింది. 1781లో సైన్యంలో చిన్న ఉద్యోగిగా చేరారు. అమెరికా యుద్ధంలో పట్టుబడి ఖైదీ అయ్యారు. ఆ తరువాత పదేళ్ళకు పైగా కెనడాలో సైనిక నివాసాల లెక్కలు చూసే పనిలో గడిపారు. అక్కడ పదోన్నతి లేదు, పేరు లేదు. కానీ ఆయన ఆ కాలాన్ని వృథా చేయలేదు. గణితం, ఖగోళ శాస్త్రం పుస్తకాలు తెప్పించుకుని ఒంటరిగా సాధన చేశారు.

ఆ చదువు 1799లో శ్రీరంగపట్నం యుద్ధంలో అక్కరకొచ్చింది. ఒక రాత్రి దండు దక్షిణానికి వెళుతున్నామనుకుని ఉత్తరంగా, టిప్పు సుల్తాన్ సైన్యం వైపే నడుస్తోంది. ఆకాశంలో నక్షత్రాలను చూసి ఆ పొరపాటును పసిగట్టింది లాంబ్టనే.

ఆ రోజుల్లో మన దేశపు పటాలు సగం ఊహతో గీసినవే. బాటసారులు చెప్పిన దూరాలు, ప్రయాణానికి పట్టిన రోజులు, వీటిని బట్టి నదులను, ఊళ్ళను పెట్టేవారు. మద్రాసు నుంచి మంగుళూరు తీరానికి 400 మైళ్ళు ఉంటుందని పటాల్లో ఉండేది. లాంబ్టన్ కొలిస్తే 360 మైళ్ళే తేలింది. లేని 40 మైళ్ళ నేల అంతవరకు కాగితం మీద ఉందన్నమాట!

1802 ఏప్రిల్ 10న మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఆయన పని మొదలైంది. అప్పటికి ఆయనకు 45 ఏళ్ళు దాటాయి. 100 అడుగుల ఉక్కు గొలుసును దాదాపు 400 సార్లు పరచి ఏడున్నర మైళ్ళ గీతను కొలిచారు. దీనికి 57 రోజులు పట్టింది. దీన్నే ఆధార రేఖ అంటారు. త్రిభుజంలో ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగతా భుజాలు లెక్కకు వస్తాయని మనం చదువుకున్నదే. ఆ లెక్కతోనే కొండ నుంచి కొండకు త్రిభుజాలు అల్లుకుంటూ పోయారు. కోణాలు కొలిచే థియోడొలైట్ యంత్రం అర టన్ను బరువు.

అయితే చేసింది సరైనదో కాదో చెప్పేదెవరు? అందుకు లాంబ్టన్ నేలనే అడిగారు. 1804లో బెంగుళూరు దగ్గర మరో ఆధార రేఖను గొలుసుతో కొలిచి, మద్రాసు నుంచి త్రిభుజాల మీద లెక్కగట్టిన పొడవుతో పోల్చారు. తేడా నాలుగు అంగుళాల లోపే! అంతటితో తృప్తి పడలేదు. 1811లో గుత్తి దగ్గర, 1815లో బీదర్ ప్రాంతంలో, ఇలా దూరం పోయినకొద్దీ మళ్ళీ మళ్ళీ సరిచూసుకున్నారు.

1808లో తంజావూరు గుడి పైకి ఎక్కిస్తుండగా తాడు తెగి, థియోడొలైట్ గోడకు కొట్టుకుని వంగిపోయింది. ఇంకొకరైతే పని మానేసేవారు. లాంబ్టన్ గది తలుపులు మూసుకుని, ఆరు వారాలపాటు కొంచెం కొంచెంగా సరిచేస్తూ ఆ చక్రాన్ని తిరిగి గుండ్రంగా చేశారు.

తరువాత సర్వే హైదరాబాద్ సంస్థానానికి చేరింది. 1818లో ఎవరెస్ట్ వచ్చి సహాయకుడిగా చేరారు. 1819 వానాకాలంలో కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో ఆయన బృందాన్ని జ్వరాలు చుట్టుముట్టాయి. కొందరు చనిపోయారు. మిగతావారిని హైదరాబాద్‌కు మోసుకుపోవలసి వచ్చింది. ఈ సర్వే కంపెనీవారి పన్నులకు, సైన్యానికి ఉపయోగపడిందన్న నిజాన్ని మరువకూడదు. గొలుసు పట్టినవారు, జెండా మోసినవారు, అడవి నరికి దారి చేసినవారు మాత్రం ఈ దేశపు పేదలే. వారి పేర్లు చాలావరకు పటం మీద లేవు, పుస్తకాల్లోనూ లేవు. ఆ పటం వారి చెమట కూడా.

లాంబ్టన్ వృద్ధాప్యంలోనూ పని మానలేదు. హైదరాబాద్ నుంచి నాగపూర్‌కు వెళుతూ 1823 జనవరి 20న హింగన్‌ఘాట్‌లో కన్నుమూశారు. పెద్దపల్లి, మంచిర్యాల, కాగజ్‌నగర్ స్టేషన్ల మీదుగా నాగపూర్ వెళ్ళే రైలు దారిలోనే ఆ ఊరు ఉంది. ఆయన తరువాత ఎవరెస్ట్ ఆ బాధ్యత చేపట్టారు. గురువు కొలిచినదని ఊరుకోలేదు. ఇంకా మేలైన పరికరాలు తెప్పించి బీదర్‌కు ఉత్తరాన ఉన్న భాగాన్ని తిరిగి కొలిపించారు. బీదర్ ఆధార రేఖను కూడా 1841లో మళ్ళీ కొలిచారు. దానివల్ల లాంబ్టన్ గౌరవం తగ్గలేదు. ఆయన నేర్పిన పద్ధతే అది.

మిత్రులారా! మ్యాపు గీయడం పుట్టుకతో వచ్చే విద్య కాదు. రోజుకొక్కసారి అట్లాసు మూసి గీయండి. తరువాత తెరిచి పోల్చండి. పక్క మంచం మిత్రుడికి చూపి ఎక్కడ తప్పిందో అడగండి, చెబితే చిన్నబుచ్చుకోకండి. కథల్లోని రాజ్యానికి సొంతంగా పటం గీసినా ఇదే పద్ధతి. ఊహాలోకంలోనైనా నది కొండ మీది నుంచి కిందికే పారాలి, ఊరికీ ఊరికీ మధ్య దూరం నడిచే మనిషికి సరిపోవాలి. చూసినవారు దారి తప్పితే చెరిపి మళ్ళీ గీయాలి. పేరు లేని ఉద్యోగంలో ఒంటరిగా పదేళ్ళు చదువుకున్న లాంబ్టన్‌కు సాధ్యమైనది, హాస్టల్ వరండాలో దీపం కింద కూర్చుని చదివే మనకు మాత్రం ఎందుకు సాధ్యం కాదు?