కొమ్ముకు, గాజుకు విలువ తెచ్చిన లాలిక్

నగ కొనేవారు ముందు తూకం చూస్తారు. తరుగెంత, మజూరీ ఎంత, రాళ్ల బరువు తీశారా లేదా అని అడుగుతారు. చేసిన మనిషి పేరు అడిగేవారు అరుదు. ఇంట్లో పెళ్లి వస్తే తాతమ్మ నాటి నగ కుంపట్లో కరిగి కొత్త నగ అవుతుంది. బంగారం మిగులుతుంది. పాత పనితనం మాత్రం మిగలదు.

ఫ్రాన్స్ దేశంలోనూ ఒకప్పుడు ఇదే తీరు. ఆ లెక్కను తిరగేసిన పనివాడు రెనె లాలిక్. పశువుల కొమ్ము, గాజు, రంగుపూతలతో ఆయన చేసిన నగలు ఇవాళ పెద్ద పెద్ద మ్యూజియంలలో అద్దాల బీరువాల్లో ఉన్నాయి. ఆయన ఫ్యాక్టరీలో వేల సంఖ్యలో తయారైన గాజు సీసాలను, కూజాలను కూడా ప్రపంచమంతటా వెతికి కొనుక్కునేవారున్నారు.

పదహారో ఏట పనిలోకి

లాలిక్ 1860 ఏప్రిల్ 6న షాంపేన్ ప్రాంతంలోని ఆయ్ అనే ఊళ్లో పుట్టారు. ద్రాక్షతోటలకు పేరుపడ్డ ప్రాంతమది. అది ఆయన తల్లిగారి ఊరు. పసితనంలోనే కుటుంబం పారిస్ శివార్లకు మకాం మార్చినా, సెలవులకు మళ్లీ ఆ పల్లెకే వచ్చేవారు. తోటల్లో తిరుగుతూ ఆకులు, పువ్వులు, పురుగులు చూసి బొమ్మలు గీయడం అక్కడే అలవడింది. తర్వాతి కాలంలో ఆయన నగలపై వాలిన తూనీగలు, కందిరీగలు, పాములు, నెమళ్లు, ముళ్లపొదల పువ్వులు అన్నీ ఈ చూపులోంచి వచ్చినవే.

1876లో తండ్రి చనిపోయారు. అప్పటికి లాలిక్‌కు 16 ఏళ్లు. పారిస్‌లో లూయీ ఒకోక్ అనే పేరున్న నగల వర్తకుడి దగ్గర పని నేర్చుకోవడానికి చేరారు. పగలు కొలిమి దగ్గర, సాయంత్రం చిత్రకళ బడిలో గడిపేవారు. 1878లో ఇంగ్లండు వెళ్లి లండన్ దగ్గర సిడెన్‌హామ్‌లోని కళాశాలలో రెండేళ్లు చదివారు.

పేరు లేని పని

తిరిగి వచ్చాక పారిస్‌లోని పెద్ద నగల కొట్లకు నమూనాలు గీసి ఇచ్చేవారు. కార్తియే, బూషెరాన్ వంటి సంస్థలు ఆయన గీతల ప్రకారం నగలు చేయించి అమ్మేవి. పెట్టె మీద కొట్టు పేరు ఉండేది. గీసిన మనిషి పేరు ఎక్కడా ఉండేది కాదు. చేతిలో పని ఉన్నా ఊరికి తెలియని బతుకు అది.

1885లో జూల్ దెస్తాప్ అనే నగల తయారీదారు తన పనిశాలను లాలిక్‌కు అప్పగించారు. అప్పటి నుంచి సొంతంగా తయారీ మొదలైంది.

ఆ రోజుల్లో పారిస్ నగ అంటే వజ్రమే. దక్షిణాఫ్రికా గనుల నుంచి వజ్రాలు విరివిగా వస్తుండేవి. ఎన్ని రాళ్లు పొదిగితే అంత గొప్ప. లోహం పని రాయిని పట్టి ఉంచడం వరకే. లాలిక్ కూడా మొదట అలాంటివి చేశారు. క్రమంగా మనసు వాటి మీద నుంచి మళ్లింది. నగ విలువ రాతిలో కాదు, రూపంలో ఉండాలన్న నిర్ణయానికి వచ్చారు. వర్తకం తెలిసినవారు చూస్తే ఇది నష్టాల దారి. కొన్నవాడికి రేపు అమ్ముకుంటే రాతి ధర కూడా రాని సరుకు అది.

కొమ్ము దువ్వెన, తూనీగ రెక్క

ఆయన ఎంచుకున్న సరుకుల్లో మొదట చెప్పుకోవలసింది పశువుల కొమ్ము. కొమ్మును వేడి చేస్తే మెత్తబడుతుంది. అప్పుడు అచ్చులో వంచవచ్చు, ఉలితో చెక్కవచ్చు. పలచగా చెక్కితే వెలుగు దాని గుండా కనిపిస్తుంది. దానితో సిగలో గుచ్చుకునే దువ్వెనలు చేశారు. ఆకులు, పూలరెమ్మలు చెక్కి, మంచుబిందువుల్లా చిన్న చిన్న రాళ్లు పొదిగారు. అంతవరకు చవక వస్తువు అనుకున్న కొమ్ము దొరసానుల తలకెక్కింది.

రెండోది రంగుపూత. గాజుపొడిని సన్నని బంగారు గళ్లలో నింపి కొలిమిలో కాలుస్తారు. లాలిక్ చేయించిన పనిలో గళ్ల వెనక రేకు ఉండదు. చర్చి కిటికీ రంగుటద్దాల్లాగా వెలుగు ఇటు నుంచి అటు దూరుతుంది. పురుగుల రెక్కలు కూడా అలాగే మెరుస్తాయి. కాల్చేటప్పుడు పగిలే భయం ఎక్కువ. చేయి తిరిగినవారికే అది సాధ్యం.

ఆనాటి ప్రఖ్యాత రంగస్థల నటి సారా బెర్నార్ ఆయన చేత నాటకాలకు నగలు చేయించుకున్నారు. ఆమె ధరించడంతో ఆయన పేరు పారిస్ అంతా పాకింది. 1897లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఆయనను లెజియన్ ద ఆనర్ బిరుదుతో గౌరవించింది.

ఆ రోజుల్లోనే, 1897-98 ప్రాంతంలో, తూనీగ స్త్రీ అనే నగ తయారైంది. తూనీగ నోట్లోంచి నడుము వరకు ఒక స్త్రీ రూపం పైకి వస్తుంది. ఆమె భుజాలకే రెక్కలు మొలిచాయి. కింద గద్దకున్నట్లు పెద్ద పెద్ద బంగారు గోళ్లు. వెడల్పు జానెడుకు మించి ఉంటుంది. రవికె ముందు భాగాన పెట్టుకునే నగ ఇది. చూసినవారికి అందమూ భయమూ ఒకేసారి కలుగుతాయి. చమురు వ్యాపారంలో కోట్లు గడించిన ఆర్మీనియా జాతీయుడు కలూస్త్ గుల్బెంకియన్ దీన్ని కొన్నారు. లాలిక్ పనులు ఆయన ఒక్కరే దాదాపు 145 సేకరించారు. అవన్నీ ఒకరి మెడలో వేయడానికి కొన్నవి కావు. కళాఖండాలుగా దాచుకున్నవి. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో 1969లో తెరిచిన ఆయన మ్యూజియంలో ఆ తూనీగ ఇప్పటికీ ఉంది.

1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో లాలిక్ అంగడి ముందు జనం కిక్కిరిశారు. పేరు లేకుండా నమూనాలు గీసిన మనిషి 40 ఏళ్లకు దేశదేశాల్లో పేరుపడ్డారు.

శిఖరం మీద నుంచి కొత్త దారి

పేరు వచ్చిన వెంటనే అనుకరణలు వచ్చాయి. పారిస్‌లో ప్రతి కొట్టులోనూ తూనీగలు, పూలరెమ్మలు వేలాడాయి. చవక నకళ్లు బజారు నింపాయి. పైగా ఆయన అసలు నగలను కొనగలిగినవారు కొద్దిమంది ధనవంతులే.

1905లో ప్లాస్ వాందోమ్‌లో ఆయన దుకాణం తెరిచారు. అక్కడికి దగ్గరలోనే సెంట్ల వ్యాపారి ఫ్రాన్స్వా కోతీ దుకాణం ఉండేది. సెంటుకు తగిన సీసా చేసి ఇమ్మని కోతీ కోరారు. సెంటు సాదా సీసాల్లో అమ్ముడవుతున్న కాలమది. సీసాయే ఒక నగలా ఉంటే చాలామంది ఇంటికి అందం చేరుతుందని ఇద్దరికీ తోచింది. లాలిక్ 1909లో పారిస్ దగ్గర కాంబ్ లా విల్‌లో గాజు ఫ్యాక్టరీ అద్దెకు తీసుకున్నారు. అదే ఏడాది భార్య అలీస్ మరణించారు. 1912లో ఆయన పెట్టిన ప్రదర్శనలో అన్నీ గాజు వస్తువులే. కీర్తి తెచ్చిన నగల పనిని 52వ ఏట పక్కన పెట్టి, మళ్లీ కొత్త పనివాడిలా మొదలుపెట్టారు.

ముందు మైనంతోనో, మట్టితోనో నమూనా చేసేవారు. దాని ప్రకారం లోహపు అచ్చు తయారయ్యేది. కరిగిన గాజును అచ్చులో ఒత్తడమో, ఊదడమో చేస్తే బొమ్మ తేలేది. కొన్ని భాగాలను ఆమ్లంతో మసకగా చేసి, కొన్నింటిని మెరుగుపెట్టేవారు. ఒక్క అచ్చు నుంచి వేల వస్తువులు వచ్చేవి. మరికొన్నింటిని మైనపు బొమ్మ చుట్టూ మట్టి కప్పి, మైనం కరిగించి, ఆ ఖాళీలో గాజు నింపి చేసేవారు. ఇక్కడి పంచలోహ విగ్రహాల పోత కూడా ఇలాంటిదే. అలా పోసినది లోకంలో ఒక్కటే ఉంటుంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ ఫ్యాక్టరీ ఆసుపత్రులకు, మందుల కొట్లకు సాదా సీసాలు చేసింది. యుద్ధం ముగిశాక అల్సాస్ ప్రాంతంలోని వింజెన్ గ్రామంలో 1921లో పెద్ద ఫ్యాక్టరీ మొదలైంది. కూజాలు, దీపాలు, పళ్లేలు, కార్ల ముందు భాగాన బిగించే బొమ్మలు అక్కడ తయారయ్యాయి. 1925 పారిస్ ప్రదర్శనలో దాదాపు 50 అడుగుల గాజు ఫౌంటెన్ నిలబెట్టారు. 1934లో ఇంగ్లండు, ఫ్రాన్స్ మధ్య ఉన్న జెర్సీ దీవిలో ఒక చర్చికి శిలువ, బలిపీఠం, కిటికీలు గాజుతో సమకూర్చారు. 1935లో నార్మండీ ఓడ భోజనశాలను గాజు దీపస్తంభాలతో నింపారు.

ఒక మాట మాత్రం చెప్పుకోవాలి. ఒకనాడు ఇతరుల పేరు మీద పని చేసిన లాలిక్, తర్వాత వందల మంది చేతుల పని మీద తన పేరు చెక్కించారు. నమూనా ఆయనది. కొలిమి సెగ తిన్నది కార్మికులు. వారిలో చాలామంది పేర్లు ఎవరికీ తెలియవు.

కరగని నగ

1940లో జర్మనీ అల్సాస్‌ను ఆక్రమించింది. వింజెన్ ఫ్యాక్టరీ పని ఆగింది. కొలిములు మళ్లీ వెలగకముందే 1945 మే నెలలో, 85వ ఏట, లాలిక్ పారిస్‌లో కన్నుమూశారు. కుమారుడు మార్క్ ఫ్యాక్టరీని తిరిగి నిలబెట్టి, గాజు నుంచి క్రిస్టల్‌కు మార్చారు. ఆ ఊళ్లో ఫ్యాక్టరీ నేటికీ నడుస్తోంది. 2011లో అక్కడే లాలిక్ మ్యూజియం తెరిచారు.

పాత వస్తువులు సేకరించేవారు ముందు చూసేది అడుగున ఉన్న సంతకం. లాలిక్ బతికి ఉన్నప్పటి గాజుపై ఇంటిపేరు ముందు రెనె అన్న పేరు తొలి అక్షరం ఉంటుంది. ఆయన పోయాక ఆ అక్షరం తీసేశారు. ఆ ఒక్క అక్షరంతో ధర ఎంతో మారుతుంది. అందుకే దొంగ సంతకాలు చెక్కేవారూ తయారయ్యారు. నలుగురికీ అందాలని చేసిన సీసాలు చివరకు మళ్లీ డబ్బున్నవారి బీరువాలకే చేరడం కాలం చేసిన చిత్రం.

అయినా లాలిక్ నమ్మిన మాట నిలబడింది. ఆయన కాలంలో పారిస్‌లో చేసిన వజ్రాల నగలు ఎన్నో తరం మారగానే విడిపోయాయి. రాళ్లు కొత్త నగల్లోకి వెళ్లాయి, లోహం కరిగింది. కొమ్ము దువ్వెనలో కరిగించి పంచుకోవడానికి ఏమీ లేదు. ఉన్నదంతా పనితనమే. అందుకే అది చెక్కుచెదరకుండా మిగిలింది.