జంట ఆటల మేటి – ఎలిజబెత్ ర్యాన్

తెలుగు సాహిత్యంలో జంట కవుల సంప్రదాయం మనకు సుపరిచితమే. పదిహేనవ శతాబ్దిలో నంది మల్లయ, ఘంట సింగన కలిసి కావ్యాలు రచించారు. ఆధునిక యుగారంభంలో తిరుపతి వేంకట కవులు జంటగా అవధానాలు చేసి ఆంధ్ర దేశమంతటా కీర్తి గడించారు. దివాకర్ల తిరుపతిశాస్త్రి దివంగతులైన తరువాత కూడా చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి తమ రచనలను ఇద్దరి పేరిటనే వెలువరించారు. జంటగా సాధించినది ఎవరికీ సగం కాదు, ఇద్దరికీ సంపూర్ణమే. క్రీడారంగంలో అటువంటి జంట విద్యకు జీవితాన్ని అంకితం చేసిన మహిళ ఎలిజబెత్ ర్యాన్.

ఆమె 1892 ఫిబ్రవరిలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో జన్మించారు. 1912లో ఇంగ్లాండుకు వెళ్లారు. బంతిని కోసినట్లుగా కొట్టి వంపు తిప్పడం, నెట్ వద్ద నిలిచి బంతి నేలను తాకకముందే తిప్పికొట్టడం ఆమె ప్రధానాస్త్రాలు. డబుల్స్ ఆటలో ఈ నైపుణ్యాలకు విలువ ఎక్కువ. అయితే నైపుణ్యం ఒక్కటే చాలదు. తోటి క్రీడాకారిణి ఎటు కదలుతుందో ముందే గ్రహించి, ఆమె విడిచిన చోటును తాను కాపాడాలి.

1914లో అగాథా మోర్టన్‌తో కలిసి ర్యాన్ తొలి వింబుల్డన్ డబుల్స్ టైటిల్ గెలిచారు. అంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి పోటీలు నిలిచిపోయాయి. 1919లో అవి పునఃప్రారంభమైనపుడు ఫ్రాన్సు క్రీడాకారిణి సుజాన్ లెంగ్లెన్ ఆమెకు జోడీ అయింది. ఈ జంట 1919 నుండి 1923 వరకు వరుసగా ఐదుసార్లు, తిరిగి 1925లోనూ విజేతగా నిలిచింది. కలిసి ఆడినంత కాలం వింబుల్డన్‌లో వారికి ఓటమి అన్నదే లేదు.

ఒంటరి పోరులో మాత్రం విధి ర్యాన్‌కు అనుకూలించలేదు. 1921 వింబుల్డన్ సింగిల్స్ ఫైనల్లో ఆమెను ఓడించినది లెంగ్లెనే. 1926లో అమెరికా ఛాంపియన్‌షిప్ ఫైనల్లో మోలా మలరీపై చివరి సెట్‌లో 4–0 ఆధిక్యంలో ఉండి, గెలుపునకు ఒక్క పాయింటు దూరం వరకు వచ్చి కూడా ఓడిపోయారు. 1930 వింబుల్డన్ ఫైనల్లో హెలెన్ విల్స్ మూడీ చేతిలో పరాజయం పొందారు. ఆ ఏడాది అదే హెలెన్‌తో కలిసి డబుల్స్ టైటిల్‌ను గెలుచుకున్నారు. తనను ఓడించిన వారి పక్కనే నిలిచి, వారి విజయానికి తోడ్పడటం సామాన్యమైన మనోనిబ్బరం కాదు.

1926లో ఆ స్నేహానికి మరొక పరీక్ష ఎదురైంది. ఆ ఏడాది వింబుల్డన్‌లో లెంగ్లెన్ తన దేశానికే చెందిన జూలీ వ్లాస్టోతో జతకట్టవలసి వచ్చింది. ర్యాన్ మేరీ బ్రౌన్‌తో కలిసి ఆ జంటను ఎదుర్కొన్నారు. ఓటమి అంచు వరకు వెళ్లి, పుంజుకొని గెలిచారు. ఆ ఏటి టైటిల్ కూడా వారికే దక్కింది.

1934లో ఫ్రాన్సుకు చెందిన సిమోన్ మాథ్యూతో కలిసి ర్యాన్ తన చివరి వింబుల్డన్ టైటిల్ సాధించారు. మహిళల డబుల్స్‌లో 12, మిక్స్‌డ్ డబుల్స్‌లో 7, మొత్తం 19 టైటిళ్లు! అందులో సింగిల్స్ టైటిల్ ఒక్కటీ లేదు. అనంతరం ఆమె వృత్తి క్రీడాకారిణిగా మారి, శిక్షకురాలిగా పనిచేశారు.

ఆ రికార్డును 1975లో బిల్లీ జీన్ కింగ్ సమం చేసింది. 1979 జులై 6న, 87 ఏళ్ల వయసులో, ర్యాన్ వింబుల్డన్ క్రీడాప్రాంగణంలోనే కుప్పకూలి కన్నుమూశారు. ఆ మరునాడే కింగ్, మార్టినా నవ్రతిలోవాతో కలిసి డబుల్స్ గెలిచి, తన 20వ టైటిల్‌ను అందుకుంది. తన రికార్డు చెదరిపోవడాన్ని ర్యాన్ చూడలేదు. ఆ రికార్డు చెదిరినది కూడా జంట ఆటలోనే కావడం విశేషం.

2015లో మన హైదరాబాదు క్రీడాకారిణి సానియా మీర్జా, మార్టినా హింగిస్‌తో కలిసి వింబుల్డన్ మహిళల డబుల్స్ టైటిల్ గెలిచింది. ర్యాన్ 12 సార్లు నెగ్గిన టైటిల్ అదే. ఒంటరిగా శిఖరం అందుకోలేనివారు తక్కువవారని లోకం తరచు భావిస్తుంది. ఎదుటివారి బలాన్ని తన బలంగా చేసుకోవడం కూడా ఒక మహావిద్య అని ఎలిజబెత్ ర్యాన్ జీవితం నిరూపిస్తున్నది.