ఆరోగ్యంగా కనిపించిన మేకలు – బ్రూసెల్లోసిస్ గుట్టు విప్పిన డాక్టర్ జామిట్

బ్రూసెల్లోసిస్ అంటే చూడి పశువులు ఈసుకుపోయే రోగమని చాలామంది రైతులకు తెలుసు. పైకి ఏ జబ్బూ లేని పశువు కూడా దీన్ని మందకూ, ఇంట్లో మనుషులకూ అంటించగలదన్నది మాత్రం అంతగా తెలియదు. దాన్ని మొదట బయటపెట్టినవారు మాల్టా ద్వీపానికి చెందిన డాక్టర్ థెమిస్టోక్లిస్ జామిట్.

మధ్యధరా సముద్రంలోని ఈ చిన్న ద్వీపం అప్పట్లో బ్రిటిష్ వారి పాలనలో ఉండేది. జామిట్ 1864లో వాలెట్టా పట్టణంలో పుట్టారు. స్థానికంగానే వైద్యం చదివి, ప్రజారోగ్య ప్రయోగశాలలో పనిచేశారు. ఆ రోజుల్లో మాల్టాలో సైనికులనూ, ప్రజలనూ ఒక జ్వరం పీడించేది. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది, కీళ్ల నొప్పులతో నెలల తరబడి మంచాన పడేసేది. సైనిక వైద్యుడు డేవిడ్ బ్రూస్ 1887 నాటికే ఆ క్రిమిని కనిపెట్టారు. రోగానికి ఆయన పేరే వచ్చింది. కానీ క్రిమి మనిషిలోకి ఎలా వస్తోందో ఇంకో 18 ఏళ్ల దాకా తేలలేదు.

మాల్టాలో మేకల కాపరులు మందను వీధుల్లో తిప్పుతూ, గడప ముందే పాలు పితికి పోసేవారు. నీళ్లు కలవని పాలని అందరికీ నమ్మకం. 1904లో బ్రూస్ నాయకత్వాన వచ్చిన పరిశోధక బృందంలో జామిట్ కూడా ఉన్నారు. 1905లో ఆయన మేకల రక్తం పరీక్షిస్తే రోగపు ఆనవాళ్లు దొరికాయి. ఆ మేకలు బాగా మేస్తున్నాయి, పాలూ బాగానే ఇస్తున్నాయి! మరిన్ని మందలను చూస్తే దాదాపు సగం మేకల రక్తంలో ఆ గుర్తులు కనిపించాయి. సుమారు పదింట ఒకటి పాలలోనే క్రిమిని వదులుతోంది. అదే ఏడు మాల్టా మేకలను అమెరికాకు తీసుకెళ్తున్న ఓడలో ఆ పాలు తాగిన సిబ్బంది చాలామంది జ్వరాన పడ్డారు.

1906లో సైన్యం మేకపాలు మానేసింది, సైనికుల్లో జ్వరం చాలావరకు తగ్గిపోయింది. ఊళ్లోవాళ్లు మాత్రం మానలేదు. మేకల మీద బతికే కుటుంబాలకు అది కూటి సమస్య కూడా కదా. జామిట్ తర్వాత విశ్వవిద్యాలయానికి అధిపతి అయ్యారు, ప్రాచీన ఆలయాలను తవ్వి తీశారు, 1935లో కన్నుమూశారు. వాలెట్టాలో పాలను వేడిచేసి శుద్ధిచేసే పద్ధతి 1938లో గానీ మొదలు కాలేదు.

మన పాకల్లోనూ దారులు అవే. ఈసుకుపోయిన పిండంలో, మాయలో, ఆ ద్రవాల్లో క్రిములు లెక్కలేనన్ని ఉంటాయి. వాటితో తడిసిన గడ్డి తిన్నా, నాకినా పక్క పశువుకు అంటుతుంది. కుక్కలు మాయను లాక్కెళ్లి మరో చోట పడేస్తాయి. మేకలు, గొర్రెలను గేదెలతో కలిపి కట్టేస్తే వాటి రోగం గేదెలకూ రావచ్చు. దూడను బయటకు లాగేటప్పుడు చేతిపై పుండు ఉంటే మనిషికీ సోకుతుంది. అందుకే చేతులకు తొడుగులు వేసుకోండి. పిండాన్ని, మాయను సున్నం చల్లి లోతుగా పూడ్చండి. ఈసుకుపోయిన పశువును విడిగా కట్టి, పశువైద్యునితో రక్తపరీక్ష చేయించండి. కొత్త పశువును కొనేముందు కూడా ఈ పరీక్ష అడగండి. పాలు పచ్చివి తాగకండి, కాచి తాగండి. ఆవు, గేదె పెయ్య దూడలకు 4 నుంచి 8 నెలల మధ్య ఒక్కసారి టీకా వేయించాలి. మగ దూడలకూ, చూడి పశువులకూ ఈ టీకా వేయించకూడదు.