చంటబ్బాయ్‌తో డిటెక్టివ్‌లను ఆటపట్టించిన జంధ్యాల.. 50 ఏళ్లకే ఆగిన నవ్వుల ప్రయాణం

హైదరాబాద్: హైటెక్ సిటీ, గచ్చిబౌలి, రాయదుర్గం.. ఐటీ కారిడార్‌లో ఏ ఆఫీస్ గ్రూప్ చూసినా ఒక పాత తెలుగు కామెడీ క్లిప్ తిరుగుతూనే ఉంటుంది. అందులో జంధ్యాల సీన్ లేకపోతే లోటే. ఆ సినిమాలు వచ్చేనాటికి ఇప్పుడు వాటిని షేర్ చేస్తున్న చాలామంది పుట్టనే లేదు. అసలు ఎవరీ జంధ్యాల?

పూర్తి పేరు జంధ్యాల వీర వెంకట దుర్గా శివ సుబ్రహ్మణ్య శాస్త్రి. 1951 జనవరి 14న పశ్చిమగోదావరి జిల్లా నరసాపురంలో పుట్టారు. విజయవాడలో చదువుకుంటూనే నాటకాల పిచ్చిలో పడ్డారు. 'ఏక్ దిన్ కా సుల్తాన్', 'గుండెలు మార్చబడును' నాటకాలు ఆయన రాసినవే. ఆ కలమే సినిమాల్లోకి తెచ్చింది. ఓ పక్క 'అడవి రాముడు', 'వేటగాడు' లాంటి మాస్ సినిమాలు.. మరో పక్క 'శంకరాభరణం', 'సాగర సంగమం'. రెండు రకాలకూ మాటలు రాసింది ఒక్కరే అంటే నమ్మడం కష్టమే!

రచయితగా అంత బిజీగా ఉండి కూడా 1981లో 'ముద్ద మందారం'తో మెగాఫోన్ పట్టారు. ఆ తర్వాత 'నాలుగు స్తంభాలాట', 'శ్రీవారికి ప్రేమలేఖ' లాంటి సినిమాలతో హాస్యానికి ఆయనే బ్రాండ్ అయిపోయారు.

పేరు పాండురంగారావు.. బిల్డప్ జేమ్స్ పాండ్

కట్ చేస్తే 1986. 'ఖైదీ' తర్వాత చిరంజీవి అంటే ఫైట్లు, డ్యాన్సులు. అలాంటి హీరోని జంధ్యాల ఓ తింగరి డిటెక్టివ్‌ని చేసేశారు. మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల ఆధారంగా తీసిన 'చంటబ్బాయ్' అది. హాలీవుడ్‌లో డిటెక్టివ్ అంటే పొడవాటి కోటు, టోపీ, నవ్వని మొహం. మనకేమో కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, తెరమీద కృష్ణ 'గూఢచారి 116'. ఆ హుందాతనం మొత్తాన్నీ జంధ్యాల తలకిందులు చేశారు. తనను తాను జేమ్స్ పాండ్ అని చెప్పుకునే పాండురంగారావుకు బిల్డప్ ఎక్కువ, అనుభవం తక్కువ.

అయితే ఇక్కడే ఉంది అసలు కిటుకు. హీరో తింగరివాడే కానీ కేసు ఉత్తుత్తిది కాదు. ప్రేమించిన జ్వాల (సుహాసిని) మీద హత్యానేరం పడితే నవ్విస్తూనే నిజం బయటపెట్టాలి. చిరంజీవి చార్లీ చాప్లిన్ గెటప్, శ్రీలక్ష్మి కవిత్వం బాధ ఇప్పటికీ హిట్టే. అప్పట్లో మాత్రం 'ఖైదీ' రేంజ్ సంచలనం కాలేదు. మాస్ హీరోతో ఆ రిస్క్ చేయడమే పెద్ద సాహసం. కాలం గడిచేకొద్దీ సినిమా విలువ పెరిగింది. 2019లో 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' వచ్చినప్పుడు చాలామందికి మొదట గుర్తొచ్చింది చంటబ్బాయే.

నటులకు ఇంటిపేర్లు ఇచ్చిన దర్శకుడు

వీరభద్రరావు, వేలు పేర్ల ముందు 'సుత్తి' చేరింది 'నాలుగు స్తంభాలాట'తోనే. అత్తిలిలో తెలుగు లెక్చరర్‌గా పనిచేసిన బ్రహ్మానందానికి 1987లో 'అహ నా పెళ్లంట'లో అరగుండు పాత్ర ఇచ్చిందీ జంధ్యాలే. ఈ రోజు మీమ్స్‌లో ఏలుతున్న ఆ మొహానికి తొలి గుర్తింపు అక్కడే.

1998లో సైబర్ టవర్స్ మొదలైంది. మరుసటి ఏడాది దర్శకుడిగా ఆయన చివరి సినిమా 'విచిత్రం' వచ్చింది. 2001 జూన్ 19న గుండెపోటుతో హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. వయసు 50 ఏళ్లే. తన సీన్లు అరచేతిలో ఆడే రోజులు ఆయన చూడలేదు. బూతు లేకుండా, ఒకరి లోపాన్ని వెక్కిరించకుండా కూడా జనాన్ని పగలబడి నవ్వించొచ్చని నిరూపించి వెళ్లారు. ఇంట్లో అందరూ కలిసి కూర్చుని చూడగలిగే కామెడీ ఏదని వెతికితే, ఇప్పటికీ ముందు దొరికేది ఆయన సినిమాలే.