ఎప్‌వర్త్ వంటింటి మాతృమూర్తి సూసన్నా వెస్లీ

శతాబ్ది సంచికకు ఒక భక్తుని జీవితం వ్రాసి ఇవ్వవలసినదిగా సంచిక కమిటీవారు కోరినప్పుడు మేము కొన్ని రోజులు ఆలోచించాము. బిషప్పుల గురించి, మిషనెరీ దొరల గురించి, దేవాలయాలు కట్టించిన పెద్దల గురించి వ్రాసేవారు మన సంఘాలలో చాలామంది ఉన్నారు. కాని ఏ సంఘ చరిత్ర తెరిచి చూచినా ఇంటిలో పిల్లలను మోకాళ్లమీద నిలబెట్టి ప్రార్థన నేర్పిన తల్లులకు అందులో చోటు తక్కువ. మేము వేదాంత కళాశాలలో చదివిన రోజుల్లో సంఘ చరిత్ర పాఠంలో జాన్ వెస్లీగారికి ఇరవై పేజీలు ఉంటే ఆయన తల్లికి అర పేజీ ఉండేది. ఆ అర పేజీని ఈ సంచికలో కొంచెం పెంచి వ్రాయాలని మా ఆశ.

సూసన్నా అన్న పేరు మనకు కొత్తది కాదు. లూకా సువార్త ఎనిమిదవ అధ్యాయంలో ప్రభువుకు తమ ఆస్తితో ఉపచారం చేసిన స్త్రీలలో ఒక సూసన్న ఉన్నది. మన ఇండ్లలో ఎందరో సూసన్నమ్మలు ఉన్నారు. కాబట్టి మేమూ ఈ తల్లిని సూసన్నమ్మగారనే పిలుస్తాము.

ఆమె 1669 జనవరి 20న లండను పట్టణంలో జన్మించారు. తండ్రి డాక్టర్ శామ్యూల్ అనెస్లీ పేరుపొందిన బోధకుడు. 1662లో ప్రభుత్వ చట్టానికి లోబడక తన దేవాలయాన్ని విడిచిపెట్టిన భక్తుల్లో ఆయన ఒకరు. ఆయనకు ఇరవై అయిదుగురు సంతానం, వారిలో కడగొట్టు బిడ్డ సూసన్నమ్మ. పదమూడేండ్లు నిండకముందే ఈ పిల్ల తండ్రి పక్షపు వాదాలను, ఇంగ్లండు సంఘపు వాదాలను తూచి చూచుకొని, ఇంగ్లండు సంఘంలో చేరతానని నిర్ణయించుకున్నది. దేనికోసం తండ్రి తన కాపరత్వాన్ని పోగొట్టుకున్నాడో దానికి ఎదురు పక్షాన కూతురు చేరింది. అయినా ఆ తండ్రీ కూతుళ్ల ప్రేమ చెడలేదు. మన ఇండ్లలో పిల్లలు వేరే సంఘానికి వెళ్తేనే మాటలు ఆగిపోతాయి గనుక ఈ సంగతి ప్రత్యేకంగా చెబుతున్నాము.

1688లో ఆమెకు శామ్యూల్ వెస్లీగారితో వివాహమైంది. ఆయన కూడా భిన్నాభిప్రాయుల కుటుంబంలో పుట్టి ఇంగ్లండు సంఘంలో చేరినవాడే. పాదిరి, కవి, పండితుడు. డబ్బు విషయంలో మాత్రం నేర్పు లేనివాడు. 17వ శతాబ్దం చివరిలో వారు లింకన్‌షైర్‌లోని ఎప్‌వర్త్ అనే పల్లెకు వచ్చారు. చుట్టూ బురదనేలలు, మొరటు జనం. దాదాపు నలభై ఏండ్లు ఆమె జీవితం అక్కడే గడిచింది. పంతొమ్మిదిమంది బిడ్డలను కన్నారు. వారిలో తొమ్మిదిమంది పసితనంలోనే పోయారు. పంతొమ్మిది కాన్పులు, తొమ్మిది చిన్న సమాధులు. ఈ లెక్క చెప్పడం సులభమే, మోసిన ఆ తల్లికి ఎట్లా ఉండెనో!

ఒక బిడ్డ సంగతి చెప్పక తప్పదు. 1705లో ఎన్నికలు వచ్చాయి. పాదిరిగారు పల్లెవారికి గిట్టని పక్షానికి ఓటు వేశారు. జనం రాత్రంతా ఇంటి దగ్గర డప్పులు కొట్టి, తుపాకులు పేల్చి అల్లరి చేశారు. సూసన్నమ్మగారికి అప్పటికి కాన్పు అయి ఎంతో కాలం కాలేదు. పసికందు దాది దగ్గర ఉన్నాడు. రాత్రంతా నిద్రలేని ఆ దాది తెల్లవారుజామున ఒళ్లు తెలియక నిద్రపోయి బిడ్డ మీద దొర్లింది. మేలుకొని చూచి, పిచ్చిదానివలె పరుగెత్తి చనిపోయిన శిశువును తల్లి చేతుల్లో పెట్టింది. అది జరిగిన కొన్ని వారాలకే పాదిరిగారిని అప్పు క్రింద లింకన్ కోట చెరసాలలో వేశారు. ఆయన అక్కడ ఉండగానే ఇంటి దగ్గర పాడి ఆవులను ఎవరో పొడిచారు. ఆ పాలే పిల్లలకు ఆధారం. సూసన్నమ్మగారు తన ఉంగరాలను విప్పి అప్పు తీర్చమని భర్తకు పంపగా ఆయన వాటిని తిరిగి పంపించారు.

యార్క్ ఆర్చిబిషప్పుగారు ఆ కుటుంబానికి సాయం చేసినవారు. ఎప్పుడైనా రొట్టెకు లేకుండా పోయిందా అని ఆయన ఆమెను అడిగారు. రొట్టె లేని రోజు లేదుగాని, తినకముందు దానిని సంపాదించే చింత, తిన్నాక దాని అప్పు తీర్చే చింత ఉండేవని, అట్లా తినే రొట్టె రుచించదని ఆమె జవాబు చెప్పారు. పాస్టర్ల జీతాలు ఆలస్యమైన నెలల్లో మా ఇంటి ఆవిడకు ఈ సంగతి చదివి వినిపించాము. ఆమె ఏమీ అనలేదు, ఒక నిట్టూర్పు విడిచింది.

భార్యాభర్తలు ఇద్దరూ గట్టి మనస్సు గలవారు. 1702 ప్రాంతంలో ఒక విచిత్రం జరిగింది. కుటుంబ ప్రార్థనలో పాదిరిగారు రాజైన విలియం కొరకు ప్రార్థించగా ఆమె ఆమేన్ చెప్పలేదు. తొలగించబడిన రాజు జేమ్సుదే దేవుడిచ్చిన హక్కు అని ఆమె మనస్సాక్షి. పాదిరిగారు కోపించి, ఇద్దరు రాజులున్న ఇంటిలో పడకలు కూడా రెండుండాలని చెప్పి లండనుకు వెళ్లిపోయారు. ఆమె క్షమాపణ చెప్పలేదు. మనస్సులో లేని మాట దేవుని ఎదుట ఎట్లా చెప్పడమని ఆమె వాదన. ఆ వేసవిలో పాదిరి బంగళాకు నిప్పంటుకొని కొంత కాలిపోగా ఆయన తిరిగి వచ్చారు. మరుసటి సంవత్సరం 1703 జూన్‌లో పుట్టిన బిడ్డే జాన్ వెస్లీ. ఆ అగ్నిప్రమాదం లేకపోతే జాన్ వెస్లీ లేడని మా ఆచార్యులొకరు నవ్వుతూ చెప్పేవారు.

1709 ఫిబ్రవరి 9 రాత్రి ఇల్లంతా మళ్లీ కాలింది. సూసన్నమ్మగారు అప్పుడు నిండు చూలాలు. మంటల్లోనుంచి నడిచి బయటపడ్డారు. పిల్లలను లెక్కపెడితే అయిదేండ్ల జాన్ లేడు. మెట్లు కాలిపోతున్నాయి. ఆ చిన్నవాడు పైఅంతస్తు కిటికీ దగ్గర నిలబడగా, ఒక మనిషి మరొకని భుజాలపై ఎక్కి వాణ్ణి దించాడు. దించిన మరుక్షణం కప్పు కూలింది. ఎనిమిదిమంది పిల్లలూ దక్కారని పాదిరిగారు ఇరుగుపొరుగువారిని మోకరింపజేసి స్తోత్రం చెల్లించారు.

ఆమె పిల్లలను పెంచిన విధానం 1732లో జాన్ కోరికమీద ఆమే ఉత్తరంలో వివరించారు. అయిదేండ్లు నిండగానే ఒక్క రోజులో అక్షరాలన్నీ నేర్పేవారు. ఇద్దరు ఆడపిల్లలకు మాత్రం రోజున్నర పట్టింది. మర్నాటినుండి ఆదికాండం మొదటి అధ్యాయమే వాచకం. ఉదయం తొమ్మిదినుంచి పన్నెండు, మధ్యాహ్నం రెండునుంచి అయిదు వరకు బడి. బాగా చదవడం వచ్చేదాకా ఆడపిల్లకు కుట్టుపని పెట్టకూడదని నియమం. తప్పు ఒప్పుకున్న బిడ్డకు దెబ్బలు లేవు. ఏడాది నిండిన బిడ్డ గట్టిగా ఏడవకూడదు, బెత్తానికి భయపడాలి. ఈ చివరి మాట మాకు మింగుడు పడదు. పసిబిడ్డ చిత్తాన్ని వంచాలన్న ఆమె పట్టుదలను ఈనాటి తల్లులు అనుసరించాలని మేము చెప్పము. ఆమె పెంపకం అందరికీ సుఖాన్ని ఇవ్వలేదు కూడా. ఎనిమిదేండ్లకే గ్రీకు నిబంధన చదివిన హెట్టీ, పెద్దయ్యాక 1725లో తప్పటడుగు వేసింది. ఆ ఇంటి తలుపు ఆమెకు వెంటనే తెరుచుకోలేదు. తనకు తగని పెండ్లితో ఆ బిడ్డ జీవితమంతా దుఃఖపడింది. భక్తురాలి చరిత్రలో దీనిని దాచడం మాకు ఇష్టం లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాము. 1711 చివర పాదిరిగారు సంఘ మహాసభకు లండను వెళ్లారు. ఒకనాడు పెద్ద కూతురు ఎమిలీకి తండ్రి గదిలో ఒక పుస్తకం దొరికింది. అది డెన్మార్కు రాజు పంపగా మన దక్షిణ దేశపు తరంగంబాడికి వచ్చిన మిషనెరీల వృత్తాంతం. జీగెన్‌బాల్గ్, ప్లూట్షౌ అనే ఇద్దరు యువకులు 1706 జూలైలో అక్కడ దిగారు. కూతురు చదువుతుంటే తల్లి విన్నారు. కొన్ని రోజులు ఆమెకు వేరే ధ్యాస లేదు. తాను పురుషుడు కాదు, పాదిరి కాదు, సముద్రం దాటలేదు. అయినా తనకున్నంతలో ఇంతకంటే ఎక్కువ చేయవచ్చునని ఆమెకు తోచింది. మొదట తన పిల్లలతోనే ఆరంభించారు. ప్రతి రాత్రి ఒక బిడ్డను విడిగా కూర్చోబెట్టుకొని ఆత్మ సంగతులు మాట్లాడేవారు. సోమవారం మాలీ, మంగళవారం హెట్టీ, బుధవారం నాన్సీ, గురువారం జాకీ, శుక్రవారం ప్యాటీ, శనివారం చార్లెస్, ఆదివారం ఎమిలీ, సుకీ. జాకీ అంటే మన జాన్ వెస్లీ. ఇరవై ఏండ్లు గడిచి ఆక్స్‌ఫర్డులో పండితుడైన తర్వాత కూడా ఆయన తల్లికి ఉత్తరం వ్రాస్తూ, ఆనాటి గురువారపు సాయంకాలంలో కొంచెం తనకు మళ్లీ ఇమ్మని వేడుకున్నాడు.

ఆదివారం సాయంత్రం ఆమె పిల్లలకు, పనివారికి ప్రార్థనలు, ఒక ప్రసంగం చదివి వినిపించేవారు. పనిపిల్లవాడు ఇంటికి వెళ్లి చెప్పాడు. వాడి తల్లిదండ్రులు వస్తామన్నారు. వారి వెంట మరికొందరు. ముప్పై నలభైమంది అయ్యారు, తర్వాత రెండు వందలమంది. వంటింట్లో చోటు చాలక కొందరు తిరిగి వెళ్లేవారు. పాదిరిగారి బదులు ఆరాధన జరిపే సహాయ గురువు ఇన్మన్‌గారికి ఇది నచ్చలేదు. ఆయన లండనుకు ఫిర్యాదు వ్రాశారు. పాదిరిగారు భార్యకు సందేహాలు వ్రాశారు. స్త్రీ ఇట్లా చేయడం వింతగా ఉందని, ప్రసంగం మరెవరిచేతనైనా చదివించమని. ఆమె జవాబు సూటిగా ఉంది. కూడబలుక్కోకుండా ప్రసంగం చదవగలిగినవాడు ఊళ్లో ఒక్కడూ లేడు, తన పిల్లల గొంతులు అంతమందికి వినబడవు. మరొక లెక్క కూడా చూపించారు. మునుపు సాయంత్రపు ఆరాధనకు ఇరవై, ఇరవై అయిదుమందికి మించి రాని దేవాలయానికి ఇప్పుడు రెండు మూడు వందలమంది వస్తున్నారు. కొందరు ఏండ్ల తరబడి గుడి ముఖం చూడనివారు. చివరికి ఆమె వ్రాసినది ఇది: కూటం ఆపాలని కోరుకుంటున్నానని మాత్రం చెప్పవద్దు, ఆపమని స్పష్టంగా ఆజ్ఞ ఇవ్వండి, అప్పుడు తీర్పు దినాన క్రీస్తు ఎదుట నాకు బాధ్యత ఉండదు. పాదిరిగారు ఆ ఆజ్ఞ ఇవ్వలేదు.

ఇన్మన్‌గారిని తప్పుపట్టడం మాకు కష్టం. మేము మొదటిసారి ఒక పల్లె సంఘానికి కాపరిగా వెళ్లినప్పుడు, ఒక పెద్దావిడ ఇంట్లో గురువారం రాత్రులు స్త్రీలు లాంతరు పెట్టుకొని బైబిలు చదివేవారు. పాస్టరు లేకుండా వాక్యం వివరించడం క్రమం కాదని, మేము వచ్చేదాకా ఆపమని చెప్పాము. మాకు తీరిక దొరకలేదు. కూటం ఆగిపోయింది. ఆ అమ్మ ఎదురు మాట్లాడలేదు, ఆజ్ఞ ఇమ్మని అడగనూ లేదు. సూసన్నమ్మగారి ఉత్తరం మేము చదివేనాటికి ఆవిడ ప్రభువునందు నిద్రించి చాలా కాలమైంది.

తరంగంబాడి దీపం మన దాకా కూడా వచ్చింది. అదే మిషనుకు 1719లో వచ్చిన బెంజమిన్ షుల్జ్‌గారు మద్రాసు చేరి తెలుగు నేర్చుకొని బైబిలు భాగాలను మన భాషలోకి మార్చారు. 19వ శతాబ్దం చివరి భాగంలో వెస్లియన్ మిషనెరీలు హైదరాబాదు ప్రాంతానికి వచ్చారు. 1924 క్రిస్మసునాడు ప్రతిష్ఠించబడిన మెదక్ దేవాలయం వారి సేవా ఫలమే. మన దేశపు వార్త ఒక ఇంగ్లీషు వంటింటికి వెళ్లింది, ఆ వంటింటి బిడ్డల సువార్త రెండు వందల ఏండ్లకు మన పల్లెలకు వచ్చింది.

1735లో పాదిరిగారు మరణించారు. విధవరాలైన ఆమెకు ఇల్లు లేదు. కొంతకాలం ఎమిలీ దగ్గర, కొంతకాలం పెద్దకొడుకు దగ్గర, కొంతకాలం కూతురు మార్తా దగ్గర ఉన్నారు. ఆ సంవత్సరమే జాన్, చార్లెస్ అమెరికాలోని జార్జియాకు సువార్తకై వెళ్తామంటే ఆమె అడ్డు చెప్పలేదు. 1739లో, డెబ్బై ఏండ్ల వయస్సులో, అల్లుడు ప్రభు భోజనపు పాత్రను అందిస్తుండగా తన పాపాలు క్షమించబడ్డాయన్న నిశ్చయత ఆమెకు కలిగింది. జీవితమంతా ప్రార్థనలో గడిపిన తల్లికి ఆ నిశ్చయత అంత ఆలస్యంగా వచ్చింది!

చివరి రోజులు లండనులో జాన్ ఉన్న ఫౌండ్రీ భవనంలో గడిచాయి. అభిషేకం పొందని థామస్ మాక్స్‌ఫీల్డ్ అనే యువకుడు అక్కడ ప్రసంగిస్తున్నాడని విని జాన్ కోపంతో పరుగెత్తుకు వచ్చాడు. జాగ్రత్త, ఆ యువకుణ్ణి నీ వలెనే దేవుడు పిలిచాడు, ముందు అతని ప్రసంగం విను అని తల్లి చెప్పారు. జాన్ విన్నాడు, ఒప్పుకున్నాడు. మెథడిస్టు సంఘాలలో సామాన్య బోధకుల సేవకు అట్లా దారి ఏర్పడింది. వంటింట్లో రెండు వందలమందిని కూర్చోబెట్టిన ఆమె మరొక మాట ఎట్లా చెప్పగలరు?

1742 జూలైలో ఆమె కన్నుమూశారు. తన ప్రాణం విడుదల పొందగానే దేవునికి స్తుతి కీర్తన పాడమని ముందే పిల్లలను కోరారు. జాన్, ఆయన అక్కచెల్లెండ్రు మంచం చుట్టూ నిలబడి ఆ కోరిక తీర్చారు. బన్‌హిల్ ఫీల్డ్స్ స్మశానంలో, జాన్ బన్యన్ నిద్రించిన చోటనే, లెక్కలేనంత జనం మధ్య ఆమెను భూస్థాపన చేశారు. సమాధి దగ్గర ప్రసంగించినది గురువారపు బిడ్డ జాకీయే.