తీరిక వేళల్లో ఎదిగిన మహాకవి గుర్రం జాషువ

మాది నూజివీడు దగ్గర మామిడి తోటల మధ్య ఉన్న ఒక చిన్న పల్లె. మా తాతయ్య తోటలకు కాపలా ఉండేవాడు. రసాలు, బంగినపల్లి కాయ పక్వానికి వచ్చిందంటే ఆయన మంచం ఇక పాకలోనే. రాత్రిళ్లు నిద్ర ముంచుకు రాకుండా హరిశ్చంద్ర నాటకంలోని కాటిసీను పద్యాలు గొంతెత్తి పాడుకునేవాడు. తాతయ్యకు సంతకం రాదు, వేలిముద్రే. పద్యం మాత్రం ఒక్క అక్షరం తప్పేది కాదు. అవి ఎవరు రాశారో ఆయనకు తెలియదు. డిగ్రీలో చేరేవరకు నాకూ తెలియదు. మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు, ఆ పద్యాల వెనుక ఉన్న మహనీయుని గురించి తమ్ముళ్లకు చెప్పాలనిపించింది.

గుర్రం జాషువ గారు 1895 సెప్టెంబరు 28న వినుకొండలో జన్మించారు. తల్లిదండ్రులు లింగమ్మ, వీరయ్య. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. కుటుంబం క్రైస్తవం స్వీకరించింది. పేదరికం ఒకవైపు, అంటరానితనం మరొకవైపు ఉన్న ఆ ఇంట్లో పెరిగిన కుర్రవాడికి చిన్నప్పటి నుంచే బొమ్మలు గీయడం, పాటలు పాడడం సరదా. దీపాల పిచ్చయ్యశాస్త్రి గారితో చిన్ననాటి స్నేహం వల్ల ఆ సరదా పద్యం వైపు మళ్లింది. ఆ రోజుల్లో మన ఇళ్ల పిల్లలకు పద్యం అన్నం పెట్టే విద్య కాదు. అయినా ఆయన దానిని వదల్లేదు.

1910లో మేరీ గారితో వివాహమైంది. మిషనరీ పాఠశాలలో ఉపాధ్యాయ ఉద్యోగం, నెలకు 3 రూపాయల జీతం. ఆ ఉద్యోగం కూడా పోయింది. పొట్టకూటి కోసం రాజమండ్రి వెళ్లి 1915, 16 సంవత్సరాలలో సినిమా వాచకుడిగా పనిచేశారు. ఈ పని గురించి నేటి తరానికి తెలియదు. అప్పటికి సినిమాలకు మాటలు రాలేదు. తెర మీద బొమ్మలు కదులుతుంటే, ఒక మనిషి పక్కన నిలబడి కథను, సంభాషణలను ప్రేక్షకులకు వినిపించేవాడు. ఇరవై ఏళ్ల జాషువ గారు ఆ పని చేశారు. పగలంతా పని చేసి అలసి వచ్చినవాళ్లకు కాసేపు వినోదం పంచడమే ఆయన ఉద్యోగం. జనం ఎక్కడ నవ్వుతారో, ఎక్కడ కన్నీరు పెడతారో అక్కడే ఆయనకు తెలిసివచ్చిందని నా అభిప్రాయం.

తరువాత గుంటూరులో లూథరన్ చర్చి వారి ఉపాధ్యాయ శిక్షణాలయంలో 10 సంవత్సరాలు, 1928 నుంచి 1942 వరకు ప్రభుత్వ పాఠశాలలో పనిచేశారు. ఉభయ భాషా ప్రవీణ అయ్యారు. కాళిదాసు మేఘసందేశం, రఘువంశం వంటి కావ్యాలను జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి వద్ద నేర్చుకున్నారు. బడి, సంసారం, అప్పులు, వీటి మధ్య దొరికిన కాస్త సమయమే ఆయన కవితా వ్యవసాయానికి దక్కిన భూమి.

ఆ తీరికలో కూడా ఆయనను ప్రశాంతంగా ఉండనివ్వలేదు. వినుకొండలో ఒక అవధాన సభలో పద్యాలు చదివితే, ఈ కులం వాడిని సభలోకి ఎవరు రానిచ్చారని కొందరు అవమానించారు. మరోవైపు క్రైస్తవుడై ఉండి హిందూ కథలు రాస్తున్నాడని క్రైస్తవ పెద్దలు తమ సమాజం నుంచి వెలివేశారు. ఇటు గుడి తలుపు, అటు చర్చి తలుపు రెండూ మూసుకున్నాయి. ఇంకొకరైతే కలం పక్కన పెట్టేవారు. ఆయన ఆ మూసుకున్న తలుపుల గురించే రాశారు.

1932లో ఫిరదౌసి వచ్చింది. ఏళ్ల తరబడి కావ్యం రాసి చివరికి రాజు చేతిలో మోసపోయిన పారశీక కవి కథ అది. 1941లో గబ్బిలం వెలువడింది. మేఘసందేశంలో యక్షుడు మేఘంతో ప్రియురాలికి కబురు పంపుతాడు. జాషువ గారి కావ్యంలో గుడిలోకి అడుగుపెట్టే హక్కు లేని ఒక పేదవాడు తన ఆకలి, అవమానాల కబురును కాశీలోని శివుడికి గబ్బిలంతో పంపుతాడు. మనిషికి లేని గుడి ప్రవేశం గబ్బిలానికి ఉంది కదా! శాస్త్రి గారి దగ్గర నేర్చుకున్న కావ్యం తన వాళ్ల గోడు చెప్పుకోవడానికి ఇలా పనికివచ్చింది.

ఇక శ్మశాన పద్యాల సంగతి. రాజూ పేదా అందరూ చివరికి చేరే ఆ చోటును గురించి జాషువ గారు ఖండకావ్యంగా రాసిన పద్యాలవి. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకంలో నటులు ఆ పద్యాలను కాటిసీనులో కలుపుకున్నారు. ఇక అంతే! సినిమా హాలు లేని ఊళ్లలో కూడా తిరునాళ్లకు, జాతరలకు తెల్లవార్లూ నాటకం ఆడితే జనం ఎదురుచూసింది ఆ పద్యాల కోసమే. వన్స్‌మోర్ కేకలతో పందిరి దద్దరిల్లేది. సభలో కూర్చోనివ్వని మనిషి మాట, అన్ని కులాల వారి తీరిక రాత్రుల్లోకి ఇలా నడిచి వచ్చింది. డి.వి. సుబ్బారావు వంటి నటుల గొంతులో అవి మా తోటల దాకా చేరాయి.

1957 నుంచి 59 వరకు మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ నిర్మాతగా ఉన్నారు. 1964లో శాసనమండలి సభ్యులయ్యారు. క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 1970లో కళాప్రపూర్ణ, పద్మభూషణ్ లభించాయి. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. 1971 జూలై 24న ఆ మహాకవి కన్నుమూశారు. ఆయన కుమార్తె హేమలతా లవణం గారు విజయవాడ కేంద్రంగా జోగినీల కోసం, స్టువర్టుపురం వాసుల కోసం పాటుపడ్డారు.

తమ్ముళ్లూ, మన ఇళ్లలో తీరిక అంటే భయం. మామిడి సీజన్ అయిపోయాక అమ్మానాన్నలు ఇంట్లో ఖాళీగా కూర్చుంటే అది తీరిక కాదు, పని దొరకని రోజు. పొయ్యి వెలగడం కష్టమయ్యే రోజు. అందుకే చేతిలో కథల పుస్తకం చూసినా, గొంతులో పాట విన్నా మన పెద్దవాళ్లకు కోపం వస్తుంది. నేనూ ఆ కోపం తిన్నవాడినే. వాళ్ల తప్పేమీ లేదు. కాని హాస్టల్‌లో సాయంత్రం ఆటల గంట, ఆదివారం మధ్యాహ్నం మనకు దొరికాయి. మా అమ్మకు గాని, నాన్నకు గాని చదువుకునే వయసులో అలాంటి ఒక్క గంట కూడా దొరకలేదు. ఆ గంటలో కబడ్డీ ఆడండి, పాడండి, బొమ్మలు వేయండి, నచ్చిన పుస్తకం చదవండి. మార్కులు రాని పని కదా అని చిన్నచూపు చూడకండి. మేమున్నప్పుడు పుస్తకాల బీరువాకు తాళం వేసే ఉండేది. ఈ సంవత్సరం నుంచి ఆదివారాలైనా ఆ తాళం తీయమని, దాని బాధ్యత పదో తరగతి వారికి అప్పగించమని పెద్దలకు నా విన్నపం. అందులో పెట్టడానికి పూర్వ విద్యార్థుల తరఫున ఒక గబ్బిలం ప్రతి నేను తెస్తాను.

డిగ్రీ రెండో సంవత్సరం సెలవులకు వెళ్లినప్పుడు, ఆ పద్యాలు రాసింది మనవాడేనని తాతయ్యకు చెప్పాను. ఆయన నమ్మలేదు. ఇంటిపేరు అడిగాడు, ఊరు అడిగాడు. చాలాసేపు మాట్లాడలేదు. ఆ రాత్రి పాకలో మళ్లీ అదే పద్యం ఎత్తుకున్నాడు. ఈసారి పాడే ముందు జాషువ గారి పేరు చెప్పి మరీ పాడాడు.